పిండంలో తెలివి బేరం

ఐవీఎఫ్ పిండాల్లో తెలివైనదేదో జన్యుపరీక్షతో తేల్చి చెబుతామంటూ అమెరికాలో కొన్ని సంస్థలు వేల డాలర్లు వసూలు చేస్తున్నాయి. తల్లిదండ్రుల మేధకూ పిల్లల మేధకూ సంబంధం ఉందన్నది కాదనలేని మాటే. దాన్ని బేరానికి పెట్టడమే అభ్యంతరకరం. పది పిండాల్లో మేలైనదాన్ని ఏరినా సగటున ఒరిగేది రెండున్నర ఐక్యూ పాయింట్లేనని 2019లో ‘సెల్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. బిడ్డకు సంక్రమించని తల్లిదండ్రుల జన్యువులు సైతం పెంపకం, ఇంటి వాతావరణం ద్వారా ఆ బిడ్డ చదువును ప్రభావితం చేస్తాయని 2018లో ‘సైన్స్’లో వెలువడిన ఐస్‌లాండ్ పరిశోధన చూపింది. గర్భిణికి అయోడిన్ తీవ్రంగా కొరవడితే ఎంత మేలైన జన్యువులున్నా బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన దేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం పిండపరీక్షలను జన్యు వ్యాధుల గుర్తింపునకే పరిమితం చేసింది. లింగనిర్ధారణ నిషేధం అమల్లో ఉండగానే స్కానింగ్ గదుల్లో ఏం జరిగిందో తెలిసిందే కనుక, ఈ హద్దు చెరగకుండా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇప్పటినుంచే గట్టి నిఘా పెట్టాలి. పిల్లల మేధ వికసించాలంటే సర్కారు ముందుగా ఖర్చు పెట్టాల్సింది అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలపైన, ఊరి బడిపైన.