బండిని గీకే ముందు

మా నాన్నగారి పాత ఫియట్‌కి రంగు వేయిద్దామని ఈ మధ్య విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను. 1970లో రిజిస్టరైన 1100 డి. పెయింటింగ్ మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద వేలితో కొట్టి చూసి, "మొత్తం గీకేసి ఇనుము దాకా తీసుకెళ్దాం సార్. లప్పం పెట్టి కొడితే కొత్త బండే. ఏ రంగు కావాలో చెప్పండి" అన్నాడు.

"మొదట్లో ఏ రంగుండేదో అదే" అన్నాను, అదేదో చాలా తేలికైన కోరికైనట్టు.

నాన్నని అడిగితే "అది మొదట్నించీ తెలుపేరా" అన్నారు. ఆయన దాన్ని కొన్నది 1983లో, సెకండ్ హ్యాండులో. ఆర్సీ బుక్కు తీసి చూస్తే రంగు దగ్గర "గ్రే" అని ఉంది. పెచ్చు లేచిన చోట తెలుపు కింద నిజంగానే గ్రే కనబడుతోంది. "అది ప్రైమర్ సార్, ఏ బండికైనా ఉంటుంది" అని తేల్చేశాడు మేస్త్రీ. మనిషికో మాట, పుస్తకానిదో మాట. ఎవరి ధీమా వాళ్ళది.

ఆఫీసులో నాకు ఇది రోజూ ఉండే గొడవే. పాత ప్రోగ్రాం ఎందుకలా రాశారో ఎవరికీ తెలీదు, రాసినవాడు ఉద్యోగం మారిపోయాడు, డాక్యుమెంటులో ఒకటుంటుంది, నడిచేది ఇంకోటి. అప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు అనే మొదటి మాట "ఇదంతా పీకేసి మళ్ళీ రాద్దాం సార్". ఒకప్పుడు నేనూ ఆ కుర్రాణ్ణే. పీకేశాకగానీ తెలీదు, ఆ అడ్డదిడ్డంగా కనబడ్డ నాలుగు లైన్లూ ఎందుకున్నాయో. అయితే ప్రోగ్రాంకి పాత వెర్షన్ ఎక్కడో దాచి ఉంటుంది. బండి మీది రంగుకి బ్యాకప్ లేదు. గీకితే పోయినట్టే.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత బండి మీద మొదటి రంగు ఏదో కనుక్కోవటం వేరు, బండికి ఏ రంగు వెయ్యాలన్నది వేరు. మొదటిది నిజానికి సంబంధించిన ప్రశ్న, రెండోది మన ఇష్టానికి సంబంధించింది. మనవాళ్ళు సాధారణంగా రెండోదాంతో మొదలుపెట్టి మొదటిదాన్ని చెరిపేస్తారు.

సరే, కనుక్కోవటం ఎలా? నేను చేసింది చెప్తాను.

ముందు రంగు కొట్టేవాడి చెయ్యి అందని చోట్లు వెతకాలి. డ్యాష్‌బోర్డ్ అడుగున, తలుపు లోపలి అట్ట విప్పితే దాని వెనక, వెనక సీటు తీస్తే దాని కింద, డిక్కీలో స్టెపినీ కింద, పేరు బిళ్ళ ఊడదీస్తే దాని నీడలో. మాస్కింగ్ కాగితం అంటించి పైపైన కొట్టుకుపోయే పెయింటర్ ఇవన్నీ విప్పడు. మా బండిలో డ్యాష్‌బోర్డ్ కిందా, డిక్కీ మూలల్లోనూ గ్రే దొరికింది.

మరి అది ప్రైమర్ కాదని నమ్మకం ఏమిటి? ప్రైమర్ సుద్దలా ఉంటుంది, మెరవదు. ఇదేమో తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే మెరిసింది. అంతకంటే గట్టి సాక్ష్యం కావాలని కనబడని చోట పావలా బిళ్ళంత మేర వాటర్ పేపర్‌తో, నీళ్ళు పోస్తూ మెల్లగా గుండ్రంగా అరగదీశాను. 600 నంబరుతో మొదలుపెట్టి 1000, 2000తో నునుపు చేస్తే చెట్టు మొద్దులో వలయాల్లా పొరలు బయటపడతాయి. పైన తెలుపు, దాని కింద ఇంకో తెలుపు, దాని కింద గ్రే, గ్రే కింద వేరే రంగులో అసలు ప్రైమరు, ఆ తర్వాత ఇనుము. ప్రైమర్ కింద మళ్ళీ ప్రైమర్ ఎందుకుంటుంది? ఆర్సీ బుక్కే గెలిచింది.

ఒక్కచోట చూసి ఊరుకోకండి. నేను నాలుగు తలుపులూ చూశాను. మూడింటికి గ్రే, ఎడమవైపు వెనక తలుపుకి మాత్రం తెలుపు కింద లేత నీలం! అంటే ఆ తలుపు ఇంకో బండిది. ఎప్పుడో గుద్దించుకుని మార్చి ఉంటారు. మొదట ఆ తలుపే చూసి ఉంటే "మా బండి నీలం" అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి :)

ఏ రకం రంగో కూడా తెలుసుకోవాలి. మన దగ్గర ఇప్పటికీ "డ్యూకో పెయింట్" అంటారు కదా, ఆ పేరు 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్‌ది. గంటల్లో ఆరిపోయేది కాబట్టి కార్ల తయారీ వేగాన్నే మార్చేసింది. లాకర్ ఎన్నేళ్ళయినా థిన్నర్‌లో మళ్ళీ కరుగుతుంది. దూది థిన్నర్‌లో ముంచి మూల మీద రుద్దితే రంగు దిగిపోతుంది. ఓవెన్‌లో కాల్చిన ఎనామెల్ అలా కరగదు, మహా అయితే మెత్తబడుతుంది, ముడతలు పడుతుంది. హార్డెనర్ కలిపి కొట్టే ఇప్పటి టూకే పెయింట్ దాదాపు చలించదు. మా బండి తెలుపులు రెండూ దూదికి అంటుకున్నాయి, గ్రే అంటుకోలేదు. తెలుపులు ఏ షెడ్డులోనో కొట్టినవి, గ్రే కాలిన ఎనామెల్ అనుకోటానికి ఇది ఇంకో ఆధారం.

ఇంకో చిన్న పరీక్ష: రబ్బింగ్ కాంపౌండ్‌తో తెల్లగుడ్డ పెట్టి రుద్దితే గుడ్డకి బండి రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేనట్టు. క్లియర్ కోట్ పద్ధతి 1980ల నుంచి మామూలైంది. 1970 బండి మీద అది కనబడితే ఆ రంగు తర్వాత వేసిందే.

మందం కొలిచే మీటర్ దొరికితే మరీ మంచిది. కంపెనీ నుంచి వచ్చిన రంగు సాధారణంగా 100 మైక్రాన్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే తలవెంట్రుక కంటే కొంచెం ఎక్కువ. వెయ్యి దాటిందంటే కింద లప్పం ఉన్నట్టే. ఈ లెక్క గుర్తుంటే పాలిష్ మిషన్ పెట్టి రుద్దేవాణ్ణి చూస్తే గుండె ఆగుతుంది. ప్రతి రుద్దుడుకీ కొన్ని మైక్రాన్లు పోతాయి మరి.

ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. నీళ్ళతోనే అరగదీయండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

రంగు కలపటానికి నమూనా తీసేటప్పుడు ఇంకో మోసం ఉంది. ఎండ తగిలిన చోట రంగు వెలుస్తుంది, అందరికీ తెలుసు. కానీ ఆల్కిడ్ ఎనామెల్ ఏళ్ళ తరబడి చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది. డ్యాష్‌బోర్డ్ కింద దొరికిన గ్రే కాస్త ఆకుపచ్చగా కనబడింది. ఆ ముక్క విప్పి కొన్ని రోజులు వెలుతుర్లో పెడితే ఆ ఛాయ తగ్గింది. దొరికినదాన్ని దొరికినట్టే మిషన్ కింద పెట్టి కలిపించి ఉంటే తప్పు రంగుకి "ఒరిజినల్" అని పేరు పెట్టేవాళ్ళం.

ఇంతకీ ఒరిజినల్ అంటే ఏమిటి? 2024లో పెబుల్ బీచ్ పోటీలో బెస్ట్ ఆఫ్ షో గెలిచింది 1934 నాటి బుగాటి టైప్ 59. తళతళలాడే కొత్త రంగు లేదు దానికి, ఉన్నదున్నట్టు కాపాడిన బండి. అలాంటి బండికి ఆ బహుమతి రావటం అదే మొదటిసారి. దాని మీదున్న నలుపూ పసుపు చారా ఫ్యాక్టరీలో వేసినవి కూడా కావు, తర్వాత కొన్న బెల్జియం రాజు లియోపోల్డ్ వేయించుకున్నవి. అయినా వాటిని గీకి ఫ్యాక్టరీ రంగు వెయ్యలేదు. రాజుగారి రంగు కూడా బండి చరిత్రే కాబట్టి. మరి మా నాన్న తెలుపో?

మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటూ చాసిస్, బాడీ షెల్, ఇంజన్ల గురించి మాట్లాడతాయి. రంగు సంగతి ఓనరు మనస్సాక్షికే మిగిలింది.

నాన్నకి పొరలు చూపించాను. చాలాసేపు చూసి, "అయితే నాకు అమ్మినాయన తెలుపు కొట్టించి అమ్మాడన్నమాట" అన్నారు. కాసేపాగి, "మీ అమ్మని కాపరానికి తెచ్చుకున్నది తెల్లబండిలోరా" అన్నారు. ఇంక నేనేమీ మాట్లాడలేదు.

బండి తెల్లగానే ఉంది. తుప్పు సెంటిమెంటుని లెక్కచెయ్యదు కాబట్టి తలుపుల అడుగుభాగాలూ, పొంగిన చోట్లూ మాత్రం ఇనుము దాకా తీయించి మళ్ళీ రంగు వేయించాం. టాపూ బానెట్టూ సబ్బునీళ్ళతో కడిగి మైనం పట్టించాం, అంతే. డిక్కీలో గ్రే అలాగే ఉంది, నీలం తలుపు లోపల నీలం అలాగే ఉంది. ఎక్కడ ఏం చేశామో ఫొటోలతో సహా ఒక నోటుబుక్కులో రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను. రేపు మా అబ్బాయి గ్రే కావాలంటే వేయించుకోవచ్చు. ఆధారాలు వాడికోసం మిగిల్చాం.

మొత్తం గీకి కొత్తగా కొట్టించటం నేరమని నేననను. పైనుంచి కింది దాకా పెచ్చులూడే బండికి వేరే దారి ఉండదు కూడా. కానీ దాన్ని "కొత్త రంగు" అనండి, "ఒరిజినల్" అనకండి. గీకే ముందు ఒక్క ఆదివారం, ఒక వాటర్ పేపరూ, కాస్త దూదీ ఖర్చుపెట్టండి. మేస్త్రీ తొందరపెడతాడు. పెట్టనివ్వండి.