గణితబోధన: వల్లెవేతయా? అన్వేషణమా?

మన కళాశాలలలో గణితము జరుగుచున్న తీరు నెల్లరు నెఱుగుదురు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఉపపత్తిని వ్రాయును. విద్యార్థి దాని నెత్తి వ్రాసికొనును. పరీక్షనాడు మరల నప్పగించును. ఇందు గణితము చేసినవా డెవడని మేము ప్రశ్నించుచున్నాము.

అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయమున 1920 మొదలు 1969 వఱకు బోధించిన ఆర్. ఎల్. మూర్ పండితుడు వేఱొక మార్గము ద్రొక్కెను. నిర్వచనములను, సిద్ధాంతవాక్యములను మాత్రమే యిచ్చి, పుస్తకములను నిషేధించి, ఉపపత్తులను విద్యార్థులే కనుగొని తరగతిలో వినిపింపవలెనని నియమించెను. ఆయనవద్ద 50 మంది డాక్టరు పట్టము లందిరి. కాని నల్లజాతి విద్యార్థులను తన తరగతికి రానీయనివాడును ఆతడే! తలుపు మూసికొని చేయు విద్యాదానము దానమగునా?

1970ల చివర బర్క్‌లీలో యూరీ ట్రైస్మన్ ఈ కొఱతను తీర్చు దారి చూపెను. నల్లజాతి విద్యార్థులు కలనగణితమున వెనుకబడుట తెలివిలేమివలన గాదనియు, ఒంటరిగా చదువుటవలన ననియు గ్రహించి, వారిని కూర్చి కఠినసమస్యలనే యిచ్చి చర్చింపజేసెను. ఫలితములు మిక్కిలి మెఱుగుపడెను. మన దేశమునను, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన ఎస్. కుమరేశన్‌గారు 1993లో నెలకొల్పిన వేసవి గణితశిక్షణము, ప్రశ్నలచేతనే విద్యార్థిని ఆలోచింపజేయు పద్ధతి నవలంబించినది.

దీనికి గొప్ప పరికరము లక్కఱలేదు. మట్టితో ఘన మొకటి చేయించి లెక్కింపజేయుడు: శీర్షములు 8, అంచులు 12, ముఖములు 6. శీర్షములనుండి అంచులు తీసి ముఖములు కలిపినచో 2. పిరమిడుతో చేసినను 2 యే. ఎల్లప్పుడు నింతేయని విద్యార్థి పలికినపుడు, మూలలు ఏటవాలుగా కోసి యతికిన పటపు చట్రము నొకటి చేతి కీయుడు. శీర్షములు 16, అంచులు 32, ముఖములు 16, ఫలితము సున్న! నడుమనున్న రంధ్రమే కారణమని తానై కనుగొన్న విద్యార్థి ఆ పాఠమును మఱచునా?

ఇట్లు బోధించినచో పాఠ్యభాగము పూర్తికాదని కొందఱందురు. నిజమే, కొంత తగ్గును. పూర్తియై యెవరికిని బోధపడని పాఠముకంటె, సగమైనను స్వంతమైన పాఠము మేలు గాదా?

పల్లెనుండి వచ్చిన బాలుడో బాలికయో తప్పు చెప్పినపుడు, “ఇది నీకు రాదు” అను ఒక్కమాట వారిని ఈ శాస్త్రమునకు శాశ్వతముగ దూరము చేయగలదు. “ఎచట తప్పినదో నీవే చూడుము” అనుటకును కాలము అంతే పట్టును. వారమున కొక గంటయైనను విద్యార్థులచేతికి సుద్దముక్క నిచ్చి ఉపాధ్యాయులు వెనుకబల్లపై కూర్చుండునట్లు విశ్వవిద్యాలయాధికారులు ఏర్పాటు చేయుదురు గాక!