మాట్లాడుకునే వాహనాలు - మాటరాని ట్రాక్టర్లు

(గ్రామీణ విలేఖరి)

సంగారెడ్డి: మలుపు అవతల లారీ వస్తున్న సంగతి ఇవతలి కారుకు ముందే తెలిస్తే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి. వాహనాలు వైర్‌లెస్ ద్వారా ఒకదానికొకటి కబురందించుకునే ఈ పద్ధతిపై మన జిల్లాలోనే, కంది వద్దనున్న ఐఐటి హైదరాబాద్‌లో పరిశోధనలు సాగుతున్నాయి. అయితే దీని ఫలం పల్లె రోడ్లకు ఎంతవరకు అందుతుందన్నదే ఆలోచించవలసిన విషయం.

సెకనుకు పది కబుర్లు

వాహనంలో అమర్చిన యంత్రం తానున్న చోటు, వేగం, పోతున్న దిక్కు, బ్రేకు వేసిందీ లేనిదీ సెకనుకు 10 సార్లు రేడియో తరంగాల ద్వారా చాటుతుంది. సుమారు 300 మీటర్ల లోపు వాహనాలు ఆ కబురు అందుకుని, ప్రమాదముంటే డ్రైవరును హెచ్చరిస్తాయి. కంటికి, హెడ్‌లైటుకు అందనిది కూడా దీనికి అందుతుంది.

కందిలో 130 కోట్ల రూపాయలతో నెలకొల్పిన పరీక్షా మైదానాన్ని 2022 జూలై 4న కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. డ్రైవరు లేని వాహనాలను, డ్రోన్లను ఇక్కడ పరీక్షిస్తారు. కృత్రిమ వర్షం కురిపించి తడి రోడ్డుపై నడిపి చూసే ఏర్పాటు కూడా ఉంది. అదే ఏడాది ఐఐటి, మారుతీ సుజుకీ కలిసి, అంబులెన్సు వస్తున్నా, ఎదురుదారిలో బండి వస్తున్నా, మనిషి అడ్డం వస్తున్నా హెచ్చరించే కారును ప్రదర్శించాయి.

అమెరికా నేర్పిన పాఠం

అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో 2012లోనే దాదాపు 3 వేల వాహనాలకు ఈ యంత్రాలు బిగించి పరీక్షించారు. కొత్త కార్లన్నిటికీ వీటిని తప్పనిసరి చేయాలని 2016లో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. 2023లో ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

చిక్కు ఎక్కడంటే, చెప్పేవాడితోపాటు వినేవాడూ ఉండాలి. నూటికి 10 వాహనాలకే యంత్రముంటే, ఎదురుపడే నూరు జతల్లో సుమారు ఒక్క జతకే రెండువైపులా అది ఉంటుంది. మిగతా 99 జతలకు ఉన్నా లేనట్లే.

మన రోడ్ల మాటేమిటి?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారే. దాదాపు అయిదో వంతు పాదచారులు. ఖరీదైన కారులో యంత్రమున్నా, రాత్రివేళ వెనుక దీపం లేకుండా పోయే చెరకు ట్రాక్టరు, ఎడ్లబండి, పశువుల మంద దానికి ఏ కబురూ పంపవు.

కనుక పరిశోధకులు కార్లతోపాటు ట్రాక్టరు ట్రాలీలను, మోటారు సైకిళ్లను, ఎడ్లబండ్లను కూడా పరీక్షల్లో చేర్చాలి. రైతు కొనగలిగే చౌక యంత్రాన్ని రూపొందించాలి. అంతవరకు అధికారులు ప్రతి ట్రాలీకి వెనుక దీపం, వెలుగు పడితే మెరిసే ఎర్ర పట్టీలు ఉండేలా చూడాలి. రైతులు కూడా ఆ పట్టీలకయ్యే కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడరాదు. మాట్లాడే యంత్రం వచ్చేలోగా మన బండి ఉనికిని ఎదుటివాడికి తెలిపేవి అవే.