సూరత్ ఓడకు ఇంజిన్ ఎక్కడిది?

2025 మే 1న ఐఎన్ఎస్ సూరత్ తన పేరున్న ఊరికి వచ్చింది. 163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల బరువున్న ఈ డిస్ట్రాయర్ హజీరా రేవులో లంగరు వేయడానికి వారం ముందే, ఏప్రిల్ 24న, అరేబియా సముద్రంలో నీటిని రాసుకుంటూ దూసుకొచ్చే లక్ష్యాన్ని క్షిపణితో కూల్చి చూపించింది. అప్పటికి పహల్గాం దాడి జరిగి రెండు రోజులే. అందుకే ఆ రాకను ఎవరూ ఉత్త మర్యాద పర్యటనగా చూడలేదు.

లింబాయత్ పవర్‌లూమ్‌ల చుట్టూ తరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు కూడా అది సొంత ఊరి ఓడే. వాళ్ల పిల్లల కోసం సూరత్ మున్సిపాలిటీ ఇప్పటికీ తెలుగు మీడియం బడి నడుపుతోంది. ఆ పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఓడ పేరు గుజరాత్‌దే అయినా, దాని ఒంట్లో తెలంగాణ వాటా చిన్నదేమీ కాదు. ఆ వాటా ఎంతో చెప్పుకున్నాక, మనది కానిది ఏమిటో కూడా అడగాలి. 2025 జనవరి 15న ముంబయి నేవల్ డాక్‌యార్డ్‌లో ప్రధాని ఈ నౌకను జాతికి అంకితం చేసినప్పుడు అధికారికంగా వినిపించిన అంకె 75 శాతం స్వదేశీ. చప్పట్లన్నీ ఆ 75కే వెళ్లాయి. మిగిలిన 25లో ఏముందో పెద్దగా ఎవరూ అడగలేదు.

ముందు సూరత్‌కు దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. 1612లో ఈస్టిండియా కంపెనీ ఓడలు హజీరా పక్కనే ఉన్న సువాలీ తీరానికి వచ్చి పోర్చుగీసు వారితో తలపడ్డాయి. ఆ దండునే భారత నౌకాదళం తన వంశవృక్షంలో మొదటి కొమ్మగా రాసుకుంటుంది. అది వ్యాపారుల దండు, పైగా పరాయిది. అంతకన్నా చెప్పుకోదగ్గవాడు సూరత్ పార్సీ వడ్రంగి లవ్‌జీ నుస్సర్‌వాంజీ వాడియా. 1736లో కంపెనీ అతన్ని బొంబాయికి పిలిపించి ఓడల రేవు కట్టించుకుంది. ఆ కుటుంబం టేకుతో కట్టిన ట్రింకోమలీ 1817లో నీళ్లలోకి దిగింది. అది ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ తేలుతూనే ఉంది. లవ్‌జీ వేసిన రేవే ఇప్పటి ముంబయి నేవల్ డాక్‌యార్డ్. అంటే ఆ రేవులోనే, అతని ఊరి పేరు పెట్టుకున్న ఓడ రెండున్నర శతాబ్దాలు దాటాక నౌకాదళంలో చేరింది. వేడుకలో ఈ మాట ఇంకాస్త గట్టిగా వినిపించి ఉండాల్సింది. ఓడ చిహ్నం మీద 1836 నాటి హజీరా లైట్‌హౌస్‌కూ గిర్ సింహానికీ చోటు దొరికింది. లవ్‌జీకి దొరకలేదు.

ఇక గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్ సంగతి. ఈ జాతి ఓడ పుట్టి డెబ్బై ఏళ్లు కూడా కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జెట్ విమానాలు, ఆత్మాహుతి విమానాలు చూశాక, ఓడ మీది ఫిరంగులతో వాటిని ఆపలేమని అమెరికాకు అర్థమైంది. 1956 డిసెంబరులో గ్యాట్ అనే పాత డిస్ట్రాయర్‌కు వెనక వైపు ఫిరంగులు పీకేసి, టెర్రియర్ క్షిపణుల లాంచర్ బిగించారు. ప్రపంచంలో మొదటి గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్ అదే. దాని పొట్టలో పట్టింది 14 క్షిపణులు. అంత చిన్న ఓడకు ఆ బరువు, ఆ రాడార్లు మించిన భారమయ్యాయి. 1962లో క్షిపణులను తీసేసి దాన్ని వేరే పనులకు వాడుకున్నారు.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. సీస్లగ్ క్షిపణి చుట్టూ నాలుగు బూస్టర్లు కట్టి ఉంటాయి. పొడవు ఆరు మీటర్లు, బరువు రెండు టన్నుల దరిదాపు. వాటిని అడ్డంగా పడుకోబెట్టి, ఒకదాని వెనక ఒకటి వెనక్కి జరుపుకుంటూ లాంచర్ దాకా తేవాలి. కౌంటీ తరగతి డిస్ట్రాయర్ల కడుపులో ఇందుకోసం రైలు సొరంగం లాంటి గదే కట్టాల్సి వచ్చింది. ఓడను కట్టి అందులో క్షిపణిని పెట్టినట్టు లేదు, క్షిపణి చుట్టూ ఓడను కట్టినట్టుంది. 1982లో ఆ తరగతికి చెందిన లండన్ అనే ఓడను పాకిస్తాన్ కొనుక్కుని బాబర్ అని పేరు పెట్టుకుంది.

ఇవాళ సూరత్ డెక్ మీద నిలబడి చూస్తే ఆ సొరంగాలు, తిరిగే లాంచర్లు ఏవీ కనబడవు. డెక్‌తో సమానంగా బిగించిన చదరపు మూతలు మాత్రం ఉంటాయి. గగనతల రక్షణ క్షిపణులకు 32, బ్రహ్మోస్‌లకు 16. మూత తెరుచుకుంటుంది, క్షిపణి నిట్టనిలువుగా లేస్తుంది, గాలిలోనే లక్ష్యం వైపు మెడ తిప్పుతుంది. ఏ దిక్కు నుంచి దాడి వచ్చినా ఓడ తిరగాల్సిన పని లేదు.

ఈ కథలో మనకు అసలు కావాల్సిన ఊరు అమెరికాలోనూ లేదు, బ్రిటన్‌లోనూ లేదు. నల్లసముద్రం పక్కన, అప్పటి సోవియట్ యూనియన్‌లో ఉన్న నికొలాయెవ్ అది. ఇప్పుడు ఉక్రెయిన్‌లో మికొలాయివ్. నాటో వాళ్లు కాషిన్ అని పిలిచిన ప్రాజెక్ట్ 61 డిస్ట్రాయర్ 1962లో అక్కడే తయారైంది. క్షిపణులు అప్పటికే వేరే ఓడల మీదా ఉన్నాయి. కాషిన్‌లో కొత్తదనం ఇంజిన్‌లో ఉంది. పూర్తిగా గ్యాస్ టర్బైన్ల మీదే నడిచిన మొదటి పెద్ద యుద్ధనౌకల తరగతి అదే. ఆవిరి ఓడలో బాయిలర్ వేడెక్కేదాకా గంటలు కాచుకోవాలి. గ్యాస్ టర్బైన్ విమానపు జెట్ ఇంజిన్‌కు తమ్ముడిలాంటిది, నిమిషాల్లో పూర్తి వేగం అందుకుంటుంది. క్షిపణి వచ్చిపడే యుగంలో ఆ తేడాకు ఎంత విలువుందో చెప్పనక్కర్లేదు.

ఆ యుగం ఎలాంటిదో ప్రపంచానికి త్వరగానే తెలిసొచ్చింది. 1967 అక్టోబరులో ఈజిప్టు చిన్న పడవలు స్టిక్స్ క్షిపణులతో ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ముంచేశాయి. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ ఎదుట మన క్షిపణి పడవ నిర్ఘాట్ అవే స్టిక్స్‌లతో పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను ముంచింది. ఎనిమిదేళ్లు దాటాక, 1980 మే 4న, కాషిన్ రకంలోనే మన కోసం మార్చి కట్టిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నౌకాదళంలో చేరింది. తర్వాత మరో నాలుగు వచ్చాయి. విశాఖ జనానికి ఈ పేరు కొత్త కాదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి విశాఖ రేవు నుంచి బయటికొచ్చిన పాత రాజ్‌పుత్ వేరు, ఇది వేరు. ఈ రెండోది 41 ఏళ్లు పనిచేసి 2021 మే 21న విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. వయసు మీద పడ్డాక కూడా దాన్ని ఊరికే వదల్లేదు. 2003లో బ్రహ్మోస్‌ను ఓడ మీద నుంచి పరీక్షించింది ఈ రాజ్‌పుత్ డెక్ మీదే. గ్యాట్ మీద అమెరికా చేసిన ప్రయోగం ఓడకు బరువైంది. రాజ్‌పుత్ మీద మనం చేసిన ప్రయోగం తర్వాతి తరం ఓడలన్నిటికీ ఆయుధమిచ్చింది. కొనుక్కున్న ఓడ మీద నేర్చుకున్న విద్యకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మన రక్షణ చరిత్రలో దొరకడం కష్టం.

ఇప్పుడు సూరత్‌ను భాగాలుగా విడదీసి చూద్దాం. ఒళ్లంతా డీఎంఆర్ 249ఏ ఉక్కు. దీన్ని రూపొందించింది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్ఎల్. అంతకు ముందు యుద్ధనౌక ఉక్కు కోసం రష్యా వైపు చూసేవాళ్లం. ఇదే ఉక్కుతో విమానవాహక నౌక విక్రాంత్ కూడా తయారైంది. గగనతల రక్షణ క్షిపణి డీఆర్డీవో, ఇజ్రాయెల్ కలిసి చేసినది. దాన్ని ఉత్పత్తి చేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. సూరత్ నౌకాదళంలో చేరిన మర్నాడే, జనవరి 16న, నౌకాదళానికి ఆ క్షిపణులు సరఫరా చేయడానికి ఆ సంస్థతో సుమారు 2,960 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. బ్రహ్మోస్‌ల కూర్పు కేంద్రాల్లో ఒకటి కూడా హైదరాబాద్‌లోనే. ఓడ రూపకల్పన నౌకాదళానిది, నిర్మాణం మజగావ్ డాక్‌ది.

ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి మాట తడబడుతుంది. సూరత్‌ను నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లు జోర్యా మాష్‌ప్రోయెక్ట్‌వి. ఆ కంపెనీ ఊరు అదే మికొలాయివ్. ఐదు రాజ్‌పుత్‌లు, మూడు ఢిల్లీలు, మూడు కోల్‌కతాలు, నాలుగు విశాఖపట్నం తరగతి ఓడలు, మొత్తం 15. భారత నౌకాదళంలో చేరిన ప్రతి గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్‌నూ ఆ ఒక్క ఊరి టర్బైన్లే నడిపాయి. క్షిపణి సొంతం చేసుకున్నాం, ఉక్కు సొంతం చేసుకున్నాం, డిజైన్ సొంతం చేసుకున్నాం. ఇంజిన్ విషయంలో 1980లో ఎక్కడున్నామో దాదాపు అక్కడే ఉన్నాం. శాతాల లెక్కలో ఇంజిన్ ఒక చిన్న ముక్కలా కనబడొచ్చు. అది లేకపోతే మిగతా 75 శాతం రేవు దాటదు.

2022 నుంచి మికొలాయివ్ మీద రష్యా బాంబులు పడుతూనే ఉన్నాయి. ఈ ఇబ్బంది ఎంత విచిత్రంగా ఉంటుందో తుషిల్ ఓడను చూస్తే తెలుస్తుంది. 2024 డిసెంబరులో రష్యాలోని కాలినిన్‌గ్రాద్‌లో మనకు అప్పగించిన ఫ్రిగేట్ అది. కట్టింది రష్యా, టర్బైన్లు ఉక్రెయిన్‌వి. రష్యాకు ఇవ్వనని ఉక్రెయిన్ మొరాయిస్తే, భారత్ సొంతంగా కొని రష్యా షిప్‌యార్డ్‌కు చేర్చాల్సి వచ్చింది. ఒకరినొకరు చంపుకుంటున్న రెండు దేశాలు ఒకే ఓడలో కలిసి పనిచేశాయంటే అది మన దౌత్యం నేర్పు. కానీ ప్రతిసారీ దౌత్యంతో ఓడలు నడపలేం.

ఇది మనవల్ల కాని పని అనుకోవడానికి వీల్లేదు. టర్బైన్‌లో గట్టి చిక్కు బ్లేడ్. నిప్పులు కక్కే వాయువులో, భయంకరమైన వేగంతో తిరుగుతూ సాగిపోకుండా నిలవాలి. అందుకోసం లోహాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. ప్రపంచంలో కొద్ది దేశాలకే వచ్చిన విద్య ఇది. 2021లో డీఎంఆర్ఎల్ అలాంటి బ్లేడ్లు 60 తయారుచేసి హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. ఆ తరహా మిశ్రమ లోహాలు పోసే మిధానీ కూడా కంచన్‌బాగ్‌లోనే ఉంది. యుద్ధవిమానం కోసం మొదలైన కావేరీ ఇంజిన్‌కు సముద్ర రూపం ఇచ్చి, విశాఖలోని నౌకాదళ టెస్ట్ బెడ్ మీద సుమారు 12 మెగావాట్ల శక్తి తీసి చూపించారు కూడా. ఆ తర్వాత అది ఏ ఓడకూ ఎక్కలేదు. యుద్ధవిమానానికి చాలలేదన్న చెడ్డపేరు పడ్డ కావేరిని సముద్రం మీద వాడుకోవడంలో ఎవరికి ఆసక్తి తగ్గిందో పార్లమెంటు స్థాయీ సంఘం అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

సూరత్‌తో ఈ తరగతి ఓడలు పూర్తయ్యాయి. తర్వాతి తరం డిస్ట్రాయర్ల డిజైన్ మీద నౌకాదళం ఇప్పటికే పనిచేస్తోంది. ఓడ పొడవు, క్షిపణి గొట్టాల సంఖ్య ఖరారు చేసే కాగితం మీదే ఇంజిన్ ఎవరిదో కూడా తేలాలి. విదేశీ టర్బైన్ కొనక తప్పకపోతే బ్లేడ్ పోతతో సహా సాంకేతికత ఇక్కడికి రావాలన్న షరతు టెండరులోనే రాయాలి. విశాఖ టెస్ట్ బెడ్‌కు, కంచన్‌బాగ్ పోత కొలిమికి పదేళ్లకు సరిపడా డబ్బు ఒక్కసారే కేటాయించాలి. ఇకపై ఓడ జలప్రవేశం రోజు చదివే ప్రకటనలో శాతం పక్కన ఇంకో వాక్యం చేర్చాలి: దిగుమతి చేసుకున్న భాగాలు ఏవి, ఏ దేశం నుంచి, వాటికి మన దగ్గర ప్రత్యామ్నాయం ఏ ఏటికి సిద్ధమవుతుంది అని.