సీటు బొమ్మే స్విచ్: ఇంతకన్నా మంచి యూఐ ఉందా?

1979లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్ డబ్ల్యూ126లో పవర్ సీట్ స్విచ్ చూడండి. డోర్ మీద చిన్న సీటు ఆకారంలో ఉంటుంది. అందులో వీపు భాగాన్ని వెనక్కి నెడితే అసలు సీటు కూడా వెనక్కి వాలుతుంది. మాన్యువల్ అక్కర్లేదు, మెనూ లేదు. చెయ్యి పెడితే చాలు, అర్థమైపోతుంది.

1991లో వచ్చిన డబ్ల్యూ140 మోడల్లో అయితే, రివర్స్ గేర్ వేయగానే వెనక రెండు మూలల్లో సన్నటి రాడ్లు పైకి లేచేవి. కారు ఎక్కడిదాకా ఉందో వాటిని చూస్తే తెలిసిపోయేది. కెమెరా లేకుండానే!

ఇప్పుడో? టెస్లా మోడల్ 3లో గ్లవ్ బాక్స్ తెరవాలన్నా స్క్రీన్‌లో వెతకాలి, లేదా వాయిస్ కమాండ్ ఇవ్వాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లు స్క్రీన్ వైపు చూస్తే, కారు దాదాపు 55 మీటర్లు మనం చూడకుండానే వెళ్లిపోతుంది.

కోడ్ రాసేవాడిగా చెప్తున్నా, స్క్రీన్ మీద ఇంకో బటన్ పెట్టడం మాకు చాలా ఈజీ. వాడేవాళ్లకే కష్టం. మ్యాప్స్‌కి స్క్రీన్ ఓకే. ఏసీకి, వైపర్లకి, వాల్యూమ్‌కి మాత్రం బటనే ఉండాలి. యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 రూల్స్‌లో వైపర్లు, ఇండికేటర్లు, హారన్ లాంటివాటికి ఫిజికల్ కంట్రోల్సే కావాలంటోంది.

షోరూమ్‌కి వెళ్తే స్క్రీన్ ఎన్ని అంగుళాలో తర్వాత అడగండి. ముందు కళ్లు మూసుకుని ఏసీ తగ్గించి చూడండి.