ఒత్తులు ఊడిపోయిన రాత్రి

రెండేళ్లుగా మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒక పని నడుస్తోంది. నాన్నగారు చెబుతుంటారు, నేను టైపు చేస్తుంటాను. ఆయన చిన్నతనం, రైల్వే ఉద్యోగం, బదిలీలు... అన్నీ. మా పాత డెస్క్‌టాప్‌లో ఉన్నది డెబియన్ 12. దాంట్లో ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ ఫైలు పెరుగుతూ వస్తోంది. (ఈ ఎడిటర్ నిన్నమొన్నటిది కాదండోయ్. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్‌ను జనంలోకి వదిలింది 1985లో.)

డెబియన్ 12 ఇచ్చేది 28.2 వెర్షన్. 2025లో 30.1 వచ్చిందని చదివిన దగ్గర్నుంచీ నాకు చెయ్యి దురద. సోర్స్ తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకుందాం అనుకున్నా. ప్యాకెట్ పిండి కొనకుండా పప్పూ బియ్యం నానబోసి రుబ్బుకోవడం లాంటిదన్నమాట.

గ్నూ సైట్ నుంచి టార్ ఫైలు దించి, విప్పి, ఆ ఫోల్డర్‌లో ‘కన్ఫిగర్’ స్క్రిప్టు నడిపాను. కంప్యూటర్ ముసలిది కదా, జీటీకే హంగులొద్దు, తేలిగ్గా ఉండే లూసిడ్ టూల్‌కిట్ చాలని చెప్పాను. కాసేపటికి ‘గ్నూటీఎల్‌ఎస్ కనబడలేదు’ అని ఆగిపోయింది. ఉందిగా బాబూ, అనిపిస్తుంది మనకి. కొత్తవాళ్లు విసుగొచ్చి వదిలేసేది ఇక్కడే. ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన లైబ్రరీ వేరు, దాన్ని వాడుకుంటూ ఇంకో ప్రోగ్రామ్ కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్లు వేరు. రెండోవి డెబియన్‌లో ‘డెవ్’ అని తోక ఉన్న ప్యాకేజీల్లో ఉంటాయి. అడిగినవన్నీ ఒక్కొక్కటే వేశాను, కన్ఫిగర్ గట్టెక్కింది.

ఆపైన ‘మేక్’. ముందు సీ భాషలో రాసిన భాగం కంపైలై ‘టీమాక్స్’ అనే బోసి ఈమాక్స్ పుడుతుంది. అది లిస్ప్ ఫైళ్లను లోపలికి తీసుకుని అసలు ఈమాక్స్ అవుతుంది. రెండు టీలు అయ్యేసరికి పని పూర్తయింది. ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ కొట్టేశాను. గర్వంగానే ఉంది.

ఆ రాత్రి ఫైలు తెరవగానే నాన్నగారు ముందుకు వంగి, “ఇదేంట్రా, ఒత్తులన్నీ ఊడిపోయాయి?” అన్నారు. నిజమే. ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయింది. ‘నమస్కారం’ ‘నమస్‌కారం’ అయింది. నాకు గుండె జారింది. రెండేళ్ల పని, బ్యాకప్ చూస్తే నెల కిందటిది!

సేవ్ చెయ్యకుండా మూసేశాను. అదృష్టం ఏంటంటే, మనం కంపైల్ చేసుకున్నది ‘యూజర్ లోకల్’ కిందికి చేరుతుంది, డెబియన్ ఇచ్చినది ‘యూజర్ బిన్’లో అలాగే ఉంటుంది. పూర్తి దారి ఇచ్చి పాతదాన్నే తెరిచాను. ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

ఫైల్లో ‘స్కా’ ఒకే అక్షరంగా ఉండదు. స, పొల్లు, క, దీర్ఘం అని 4 యూనికోడ్ సంకేతాలు ఉంటాయి. వాటిని కలిపి మనం చదివే రూపంలో కూర్చేది షేపింగ్ ఇంజన్. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచీ ఈమాక్స్ ఇందుకు హార్ఫ్‌బజ్‌ను వాడుకోగలుగుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలు కూర్చేదీ ఇదే. పేరు పారశీకం నుంచి వచ్చింది, ‘ఓపెన్ టైప్’ అని అర్థం.

గ్నూటీఎల్‌ఎస్ లేకపోతే ఆగి అరిచిన కన్ఫిగర్, హార్ఫ్‌బజ్ హెడర్లు లేకపోతే మాత్రం చివర్లో వచ్చే పెద్ద చిట్టాలో ‘నో’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఇదేం న్యాయమండీ! ఇంగ్లిషు రాసుకునేవాడికి తేడానే తెలియదు, మనకేమో భాషే విరిగిపోతుంది. జీటీకే పెట్టుకుని ఉంటే దాని డెవ్ ప్యాకేజీ వెంట హార్ఫ్‌బజ్‌ది కూడా దానంతటదే వచ్చేసేది. నా పొదుపే నా కొంప ముంచింది.

మర్నాడు హార్ఫ్‌బజ్ డెవ్ ప్యాకేజీ వేసి, ‘మేక్ డిస్ట్‌క్లీన్’ కొట్టి, మళ్లీ మొదటి నుంచీ చేశాను. అసలు ముందే సాఫ్ట్‌వేర్ సోర్సుల్లో సోర్స్ కోడ్ లైన్లు ఆన్ చేసి ‘ఆప్ట్ బిల్డ్-డెప్ ఈమాక్స్’ అని కొట్టి ఉంటే ఈ డెవ్‌లన్నీ ఒక్కసారే దిగేవి. ఈసారి ఇన్‌స్టాల్‌కి తొందరపడలేదు. ‘ఎస్ఆర్‌సీ’ ఫోల్డర్‌లో తయారైన ఈమాక్స్‌ను అక్కడికక్కడే నడిపి, కంట్రోల్-హెచ్, ఆ వెంటనే హెచ్ నొక్కాను. ప్రపంచ భాషల పలకరింపుల పేజీ వస్తుంది. అందులో మన ‘నమస్కారం’ కూడా ఉంటుంది. స కింద క ఒత్తు కుదురుగా కూర్చుని ఉంది. మీరూ చేస్తే ముందు ఆ వరుస చూసుకోండి, తర్వాతే ఇన్‌స్టాల్. అన్నట్టు, సోర్స్ ఫోల్డర్ చెరిపేయకండి. ఎప్పుడైనా తీసెయ్యాలంటే ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ అక్కడి నుంచే కొట్టాలి.

రాత్రి నాన్నగారిని కూర్చోబెట్టాను. కళ్లజోడు సర్దుకుని ‘రాష్ట్రం’ కొట్టమన్నారు. కొట్టాను. ‘లక్ష్మి’ కొట్టమన్నారు. అదీ కొట్టాను. దగ్గరగా వంగి చూశారు.

“సరే. గుంతకల్లు బదిలీ దగ్గర ఆపాం” అన్నారు.