బంగారు గడియారము – దాని నిజమైన విలువ

పాత బంగారు చేతిగడియారములను సేకరించువారిని చూచి, ‘ఇది బంగారముపై మోజు’ అని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదని మా అభిప్రాయము.

స్విట్జర్లాండులోని పటేక్ ఫిలిప్ సంస్థ 1941లో ‘1518’ అను గడియారమును వెలువరించెను. నెలకెన్ని దినములో, లీపు సంవత్సరమెప్పుడో తానే గుర్తించుకొని తేదీ చూపుట దాని ప్రత్యేకత. అట్టివి సుమారు 281 మాత్రమే తయారైనవి. వానిలో అత్యధికము బంగారువి. ఉక్కువి నాలుగే వెలుగులోనికి వచ్చినవి. 2016లో జెనీవా వేలమున ఆ ఉక్కు గడియారములలో ఒకటి కోటి పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికినది! పనితనమునకు, అరుదుతనమునకు వచ్చిన వెల గాని అది లోహమునకు వచ్చినది కాదు గదా!

అయినను బంగారము ధర పెరిగినపుడెల్ల పాత గడియారములను కరగించుచునే యున్నారు. 18 కారట్ల పెట్టెలో నాలుగింట మూడు పాళ్లు బంగారము. కరగించినచో ఆ పాళ్లే దక్కును. పనివాని నేర్పు మరల రాదు. మెరుపుకై మాటిమాటికి సానపట్టించినను అంచులరిగి ముద్రలు చెరగిపోవును.

కావున తలిదండ్రులకు మా మనవి: ఇంట తాతగారి గడియారమున్నచో, తూకమునకు అమ్మబోవుటకు ముందు నేర్పరియైన గడియారపు పనివానికి చూపుడు. విద్యార్థులారా! దానినెవరు, ఎప్పుడు, ఎక్కడ కొనిరో పెద్దలనడిగి, తెలుగున వ్రాసి, దానితోనే భద్రపరచుడు. రోల్డుగోల్డు గడియారమైనను సరే, ఆ కాగితముతో దాని విలువ మీ యింట నిలుచును.